ఇరవై ఏడు గేర్లు, ఒక లెక్కల మాస్టారు: కంబోడియాలో ఎనిమిది రోజులు

మొదటి రోజు: సియెం రీప్

సైకిల్‌కు ఇరవై ఏడు గేర్లు ఎందుకని మా బావగారు సియెం రీప్‌లో దిగిన రెండు గంటల్లోపే గైడును నిలదీశారు. కోనసీమలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పి, అన్నేళ్లూ ఒకే నల్ల సైకిల్ మీద కాలువ గట్టు వెంబడి బడికి వెళ్లి వచ్చిన మనిషి ఆయన. ముందు మూడు పళ్లచక్రాలు, వెనక తొమ్మిది ఉన్నప్పుడు ఆ ఇరవై ఏడింటిలో చాలా జతలు ఒకదానికొకటి దాదాపు సమానమే అవుతాయి కదా అని ఆయన వేళ్ల మీద లెక్క కట్టి చూపించేసరికి, ఈయన మాస్టారని గైడుకు అర్థమైపోయింది. ఆ క్షణం నుంచి ఎనిమిది రోజులూ ఆయనను ‘లోక్ క్రూ’ అనే పిలిచాడు. ఖ్మేర్ భాషలో మాస్టారిని అలాగే పిలుస్తారు. ఆ ‘క్రూ’ మన ‘గురు’ శబ్దమే. నన్ను మాత్రం ‘బోంగ్’ అన్నాడు, అంటే అన్న. ఎదుటి మనిషి వయసు తేలితే గాని పిలుపు కుదరని భాష అది. తల్లిదండ్రుల కంటే చిన్నదైన ఆడమనిషి ‘మింగ్’, పెద్దదైతే ‘ఓమ్’. మన పిన్నీ పెద్దమ్మా తేడా అక్కడా పదిలంగా ఉంది.

మాతో పాటు ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఒక జంట, హాలండ్ నుంచి ఇద్దరు అక్కచెల్లెళ్లు ఉన్నారు. ఆరుగురు యాత్రికులు, ఒక గైడు, ఒక మెకానిక్, సామాను మోస్తూ వెనకే వచ్చే ఒక వ్యాను: ఇదీ మా దండు. సొంతంగా తిరగకుండా గైడుతో ఎందుకు వెళ్లారని ఇక్కడికి వచ్చాక చాలామంది అడిగారు. భాష రాని దేశంలో, యాభై దాటినవాడు అరవై రెండేళ్ల బావను వెంటబెట్టుకుని జాతీయ రహదారి మీద లారీల మధ్య తొక్కడం మా అక్కకు ఇష్టం లేదన్నది అసలు కారణం. అయితే గైడు ఉన్నందువల్లనే రహదారిని వదిలి పొలాల గట్ల మీదుగా, బౌద్ధ విహారాల వెనక సందుల గుండా పోగలిగామన్నది తర్వాత తెలిసింది. యాత్ర నడిపే సంస్థ వాళ్లు ముందుగా మా ఎత్తులు అడిగి రాసుకుని కూడా బావకు జానెడు పొడవు ఎక్కువైన సైకిల్ ఇచ్చారు. మెకానిక్ సీటును కిందికంటా దించి, హ్యాండిల్ వెనక్కి తిప్పి, చివరకు ఎలాగో సరిపెట్టాడు.

సాయంత్రం అలవాటు కోసం ఊళ్లో అయిదు కిలోమీటర్లు తొక్కాం. కంబోడియాలో బండ్లు కుడివైపు నడుస్తాయి. మొదటి మలుపులోనే నేను ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ ఎడమకు ఒదిగి, ఎదురుగా వస్తున్న మోటారు సైకిల్‌కు అడ్డం పడ్డాను. దాని మీద భార్య, ఇద్దరు పిల్లలు, ఒక గ్యాస్ బండ ఉన్నా ఆ మనిషి హారన్ కూడా కొట్టకుండా, నవ్వుతూ తప్పించుకుని పోయాడు. బావ ఆ రాత్రి ఎడమచేతి మణికట్టుకు దారం కట్టుకుని, దారం లేని వైపే తన వైపని పెట్టుకున్నారు.

రెండో రోజు: ఆంగ్‌కోర్

మూడు రోజుల ప్రవేశ పత్రం 62 డాలర్లు. కౌంటరులో అక్కడికక్కడే ఫొటో తీసి టికెట్టు మీద ముద్రిస్తారు. అయిదున్నర గంటలకు బయలుదేరి, సూర్యోదయం కోసం పడమటి ద్వారం దగ్గర గుమికూడిన వందలాది జనాన్ని వదిలేసి, గైడు మమ్మల్ని చుట్టు తిప్పి తూర్పు వైపునుంచి తీసుకుపోయాడు. ఆ దారిలో కందకం మీదుగా ఒక మట్టి కట్ట, రెండు వైపులా అడవి, మా టైర్ల కింద ఆకుల చప్పుడు తప్ప మరేమీ లేవు. చెట్ల మధ్య నల్లగా శిఖరాలు కనిపించినప్పుడు ఎవరం మాట్లాడలేదు.

పన్నెండో శతాబ్దపు తొలి సగంలో రెండవ సూర్యవర్మ విష్ణువు కోసం కట్టించిన ఈ ఆంగ్‌కోర్ వాట్ గుడి పడమటి ముఖంగా ఉంటుంది. చుట్టూ 190 మీటర్ల వెడల్పున కందకం. దాని వెలుపలి గట్టు వెంబడి సైకిల్ తొక్కితే అయిదు కిలోమీటర్లకు పైగా వస్తుంది. అంకెలు పుస్తకాల్లోనూ దొరుకుతాయి గాని, అయిదు కిలోమీటర్ల నీటి అంచు అంటే ఎంతో కాళ్లకు తెలిసేది తొక్కినప్పుడే.

లోపలి ప్రాకారం గోడల మీద శిల్పాలు చూస్తున్నంతసేపూ బావ నోట ఒకటే మాట: ‘మనదే’. అంపశయ్య మీద భీష్ముణ్ని చూసి ‘మనదే’ అన్నారు. యముడి సభను చూసి, పక్కన చిత్రగుప్తుడున్నాడని గైడు చెబితే మళ్లీ ‘మనదే’ అన్నారు. తూర్పు గోడ మీద దాదాపు 49 మీటర్ల పొడవున క్షీరసాగర మథనం ఉంది. దేవతలు 88 మంది, అసురులు 92 మంది అని గైడు చెప్పాడు. బావ దాన్ని నమ్మకుండా స్వయంగా లెక్క పెట్టడం మొదలుపెట్టి, అరవై దగ్గర ఒక చైనా బృందం అడ్డం రావడంతో తప్పిపోయి, మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ తప్పారు. ఆ గొడవలోనే వాసుకి తోక పట్టుకున్న చివరి మూర్తి కోతి ముఖంతో ఉందని ఆయన గమనించారు. “ఇక్కడ హనుమంతుడికేం పని? పాలసముద్రం చిలికింది కృతయుగంలో కదా!” అన్నారు. ఆ మాట నేను ఇంగ్లీషులో చెప్పగా గైడు కాసేపు ఆలోచించి, “ఇక్కడ ఆయన ఉన్నాడు, లోక్ క్రూ” అన్నాడు. అంతకుమించి వివరణ ఇవ్వలేదు.

పడమటి వైపు లంకా యుద్ధం దగ్గర రెండో చిక్కు వచ్చింది. వాళ్ల రామాయణం పేరు రీంకేర్. రాముడు ప్రేహ్ రీమ్, సీత నియాంగ్ సేడా. వారధి కడుతుంటే రాళ్లు ఎత్తుకుపోతున్న మత్స్యకన్య సోవన్ మచ్ఛాతో హనుమంతుడు ప్రేమలో పడతాడని గైడు చెబితే, నిత్యం సుందరకాండ పారాయణ చేసే బావ ముఖం కందగడ్డ అయింది. మైరావణ కథలో హనుమంతుడి కొడుకు మత్స్యవల్లభుడు ఎక్కణ్నుంచి వచ్చాడు బావా అని నేను అడిగాను. అది చెమట చుక్కను చేప మింగడం వల్ల అని ఆయన అన్నారు గాని, తర్వాత చాలాసేపు మౌనంగా ఉన్నారు.

మధ్యాహ్నం ఆంగ్‌కోర్ థోమ్. ఏడవ జయవర్మ పన్నెండో శతాబ్దం చివర కట్టిన ఈ నగరానికి ఒక్కొక్క వైపు మూడు కిలోమీటర్ల గోడ ఉంది. ఎనిమిది మీటర్ల ఎత్తున్న ఆ గోడ మీదికి దక్షిణ ద్వారం పక్కనుంచి సైకిళ్లు ఎక్కించి, ఒక వైపు కందకం, మరో వైపు అడవి చూస్తూ సన్నటి కాలిబాట మీద పోవడం ఈ యాత్ర మొత్తంలో నాకు అన్నింటికన్నా నచ్చిన తొక్కుడు. నగరం నడుమ ఉన్న బయోన్ గుడి శిఖరాల మీది ముఖాల గురించి అందరూ రాశారు కనుక వదిలేస్తున్నాను.

తా ప్రోమ్ దగ్గర మాత్రం ఆగాలి. జయవర్మ తన తల్లి పేర 1186లో ప్రతిష్ఠించిన ఈ ఆలయం మీద మహావృక్షాల వేళ్లు కొండచిలువల్లా పాకి ఉంటాయి. ఇక్కడ జీర్ణోద్ధరణ చేసినది మన భారత పురావస్తు సర్వేక్షణ శాఖ. ఆ సంగతి రాసిన బోర్డు ముందు నిలబడి బావ ఫొటో తీయించుకున్నారు. చెట్టు తీస్తే గోడ కూలుతుంది, ఉంచితే గోడ చీలుతుంది; అందుకని ఉక్కు ఆసరాలు పెట్టి రెండింటినీ నిలబెట్టారు. ఇక్కడి సంస్కృత శాసనంలో ఆలయ పోషణకు 3,140 గ్రామాలు ఉన్నాయనీ, నర్తకులు 615 మంది అనీ, రాజ్యమంతటా ఆరోగ్యశాలలు 102 అనీ ఉంది. ఆస్పత్రికి ‘ఆరోగ్యశాల’ అన్న మాట చూసి, మన ప్రభుత్వం వాళ్ల పథకం పేరు ఎనిమిది వందల ఏళ్లు ఆలస్యమైందని బావ తీర్మానించారు.

మూడో రోజు: ప్రేహ్ డాక్, బంటే స్రే

ఈ రోజు గుడి కన్నా దారి గొప్పది. తెల్లవారుజామున ఉత్తరంగా బయలుదేరి, కోతలైన వరిచేల మధ్య ఎర్రమట్టి బాట మీద పోతుంటే, ప్రతి ఇంటి ముందునుంచీ పిల్లలు ‘హలో’ అని అరుస్తూ పరిగెత్తుకొచ్చి చేతులు చాచేవారు. ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని ఆ అరచేతుల్ని తాకుతూ పోవాలి. ఇళ్లన్నీ స్తంభాల మీద ఉంటాయి. కింది నీడలో ఊయల, మగ్గం, ఆవు, మోటారు సైకిల్, నిద్రపోతున్న తాత, అన్నీ ఒకే చోట. పొలాల్లో వరుసగా తాటిచెట్లు. కంబోడియా జాతీయ వృక్షం తాడి. అది తెలిసిన దగ్గరనుంచి బావకు ఈ దేశం మీద గౌరవం పెరిగింది.

ప్రేహ్ డాక్ ఊళ్లో ఒక ఇంటి ముందు ఆగాం. ఆ ఇంటాయన తెల్లవారకముందే చెట్లెక్కి దింపిన కల్లు అప్పటికే పొయ్యి మీద ఉంది. వాళ్లు మోకు వాడరు. నిలువునా ఒక వెదురుబొంగును చెట్టుకు కట్టి, దాని కణుపుల దగ్గర వదిలిన కొమ్మల మొదళ్ల మీద అడుగులేస్తూ ఎక్కుతారు. కుండలకు బదులు వెదురు గొట్టాలు కడతారు. మన దగ్గర కల్లు పులియకుండా లొట్టి లోపల సున్నం పూస్తారు, వీళ్లు ఒక చెట్టు బెరడు ముక్కలు గొట్టంలో వేస్తారు. రెండు కన్నాలున్న మట్టి పొయ్యి మీద మూరెడు వెడల్పున్న ఇనప మూకుడు. అందులో నురగ కట్టి పొంగుతున్న రసాన్ని ఇంటావిడ వెదురు గరిటెతో తిప్పుతూ, మధ్యమధ్య నురగ తీసి పక్కన పారబోస్తోంది. పాకం ముదిరి రంగు తేనె రంగుకు తిరిగాక మూకుడు దింపి, చివర తిప్పుడు పుల్ల ఉన్న కర్రతో చిలికినట్టు తిప్పింది. అయిదు నిమిషాల్లో పాకం తెల్లబారి చిక్కబడింది. తాటాకును ఉంగరంలా చుట్టిన అచ్చుల్లో గరిటెతో పోసి ఆరబెట్టింది. చల్లారిన బిళ్ల ఒకటి బావ నోట్లో వేసుకుని, ఎంతసేపటికీ నమలకుండా అలాగే ఉంచుకున్నారు. చిన్నప్పుడు తన మేనమామ ఇంట తిన్న తాటిబెల్లం ఇదేనన్నారు. ఇక్కడ కూడా ‘మనదే’ అంటారేమోనని చూశాను గాని, ఆయన ఇంటావిడను ఎంత కట్టెకు ఎంత బెల్లం దిగుతుందని లెక్కలు అడగడంలో పడిపోయారు. తాటి గెలలు గీసేవాళ్లు ఊళ్లో తగ్గిపోతున్నారనీ, కొడుకులు థాయిలాండులో కట్టడం పనులకు పోయారనీ ఆవిడ చెప్పింది. కోనసీమ కథ మరోలా ఏమీ లేదు, పోయే దేశం పేరు ఒక్కటే వేరు.

పక్కనే ఫలహారం: నుమ్ బాన్ చోక్. మన ఇడియప్పంలాంటి సన్నటి బియ్యపు సేవ మీద నిమ్మగడ్డి, పసుపు నూరి కలిపిన చేపల పులుసు పోసి, పచ్చి అరటిపువ్వు తరుగు, దోసకాయ తరుగు చల్లుతారు. బావ శాకాహారి. వాళ్ల వంటలో చేపల నీళ్లు, ప్రహోక్ అనే ఊరవేసిన చేపముద్ద లేకుండా ఏ కూరా పొయ్యి ఎక్కదు కనుక, ఎనిమిది రోజులూ ఆయన భోజనం గురించి గైడు ప్రతి పూటా వంటింట్లోకి వెళ్లి బతిమాలుకున్నాడు. ఆ రోజు ఆయనకు ఉత్త సేవ, కొబ్బరిపాలు, అప్పుడే దిగిన తాటిబెల్లం దొరికాయి. అసలు నుమ్ బాన్ చోక్ కన్నా అదే బాగుందని నా అనుమానం.

దారి దిగి పొదల్లోకి వెళ్లవద్దని గైడు ప్రతి ఉదయం చెప్పేవాడు. మొదట పాముల కోసమనుకున్నాం. బంటే స్రే దగ్గరి మందుపాతరల మ్యూజియం చూశాక ఆ మాట అర్థమైంది. ఈ దారులన్నీ శుభ్రం చేసినవే అయినా, చిన్నప్పటి అలవాటు పోదని అతడు అన్నాడు.

బంటే స్రే అంటే స్త్రీల కోట. ‘స్రే’ మన స్త్రీయే. 967లో ప్రతిష్ఠించిన ఈ శివాలయాన్ని కట్టించినది రాజు కాదు, యజ్ఞవరాహుడనే పండితుడు. గులాబీ ఇసుకరాయి చెక్కకు లొంగినట్టు లొంగింది. కైలాసాన్ని కదిలిస్తున్న రావణుడు, ఖాండవ దహనాన్ని ఆపడానికి వాన కురిపిస్తున్న ఇంద్రుడు, శివుడిపై బాణం ఎక్కుపెట్టిన మన్మథుడు, ఒక్కొక్కటీ ఆంగ్‌కోర్ వాట్‌లోని పొడవాటి గోడల కన్నా నాకు ఎక్కువ నచ్చాయి. అక్కడ సైన్యాలు నడుస్తాయి, ఇక్కడ ఒక్కొక్క వేలికీ ఒక భావం ఉంది. 1923లో ఆంద్రే మాల్రో అనే ఫ్రెంచి యువకుడు ఇక్కడి దేవతా మూర్తుల్ని పెకలించుకుపోతూ పట్టుబడ్డాడు. అతడే తర్వాత ఫ్రాన్సుకు సాంస్కృతిక మంత్రి అయ్యాడు.

నాలుగో రోజు: కంపోంగ్ ఖ్లియాంగ్

వ్యానులో డాండెక్ దాకా వెళ్లి, అక్కణ్నుంచి సైకిళ్ల మీద దక్షిణంగా టోన్లే సాప్ సరస్సు వైపు తొక్కాం. ఆ పదిహేను కిలోమీటర్లలో నేల దిగుతున్న కొద్దీ ఇళ్లు పైకి లేచాయి. మొదట మనిషెత్తు స్తంభాలు, తర్వాత రెండు మనుషుల ఎత్తు. ఊళ్లోకి చేరేసరికి ముప్పై అడుగుల కర్రల మీద ఇళ్లు నిలబడి ఉన్నాయి, మేము వాటి కింద సైకిల్ మీద పోతున్నాం. స్తంభాల మీద వరద మట్టపు గీత మా తలలకు చాలా పైన ఉంది.

వానాకాలంలో మెకాంగ్ పొంగినప్పుడు టోన్లే సాప్ నది వెనక్కి ప్రవహించి ఈ సరస్సును నింపుతుంది. వానలు తగ్గాక మళ్లీ ముందుకు తిరిగి సముద్రం వైపు పోతుంది. ఎండాకాలంలో 2,500 చదరపు కిలోమీటర్ల చుట్టుకొలతలో మీటరు లోతున ఉండే సరస్సు, వరదలో అయిదారు రెట్లు విస్తరిస్తుంది. మునిగిన అడవి చేపలకు పుట్టిల్లు. చుట్టుకొలత అని రాశాను, విస్తీర్ణం అనాలి. బావ ఈ వాక్యం చదివితే ఎర్రసిరా పెడతారు. కొల్లేరు చుట్టూ గట్లు పోసి చెరువులు చేసుకున్న జిల్లాల పక్కన పుట్టినవాళ్లం కనుక, సరస్సు వచ్చినప్పుడు ఇల్లు తప్పుకుని నిలబడే ఈ ఊరి పద్ధతిని మేమిద్దరం కొంచెం సిగ్గుతోనే చూశాం. ఊరంతా ఆ జనవరిలో చేపలు ఆరబెడుతూ, పొగబెడుతూ ఉంది. బావ తువ్వాలు ముక్కుకు కట్టుకున్నారు. అది చూసి ఒక ముసలావిడ తన క్రామా విప్పి, దాన్ని ఎలా చుట్టుకోవాలో చూపించింది. గళ్ల క్రామా వాళ్లకు తలపాగా, లుంగీ, ఊయల, సంచి అన్నీ.

తిరుగు దారిలో గైడు బావకు అంకెలు నేర్పాడు. మువాయ్, పీ, బెయ్, బువన్, ప్రామ్ అని అయిదు దాకా వచ్చి, ఆరు దగ్గర ప్రామ్-మువాయ్ అన్నాడు, అంటే అయిదూ ఒకటి. తొమ్మిది అయిదూ నాలుగు. పదికి మాత్రం ‘డాప్’ అని వేరే మాట. అయిదు ఆధారంగా లెక్క నడిచే భాషను జీవితంలో మొదటిసారి విన్న లెక్కల మాస్టారి సంతోషం ఎలాంటిదో నేను వర్ణించలేను. పెడల్ తొక్కుతూ, ఎదురైన ప్రతి ఆవునూ లెక్కపెట్టుకుంటూ వచ్చారు.

అయిదో రోజు: కంపోంగ్ క్డే మీదుగా కంపోంగ్ థోమ్

ఎక్కువ దూరం వ్యానులోనే పోయాం. చూసినదొక్కటే, కంపోంగ్ క్డే వంతెన. పన్నెండో శతాబ్దంలో లాటరైట్ అనే ఎర్రరాతితో కట్టినది, 80 మీటర్లకు పైగా పొడవు. ఖ్మేర్ స్థపతులు అసలైన కమాను కట్టలేదు. రాళ్లను రెండు వైపులనుంచీ కొంచెం కొంచెం ముందుకు జరుపుతూ పేర్చి పైన కలిపారు. అందువల్ల ఒక్కొక్క కన్నమూ చాలా ఇరుకు, అలాంటివి ఇరవైకి పైగా ఉన్నాయి. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా దాని మీద సైకిళ్లు పోతున్నాయి. పెద్ద బండ్లకు పక్కన వేరే దారి వేశారు. పిట్టగోడ చివర పడగలెత్తిన నాగరాజు పక్కన ఒక కుర్రాడు ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు.

ఆరో రోజు: సంబోర్ ప్రేయ్ కుక్

ఈ రోజు పడ్డాను. కంపోంగ్ థోమ్ నుంచి ఉత్తరంగా ముప్పై కిలోమీటర్లు. చివరి ఎనిమిది కిలోమీటర్లు లోతైన ఇసుక. ఇసుకలో హ్యాండిల్ గట్టిగా పట్టుకోకూడదు, బ్రేకు వేయకూడదు, తేలిక గేరులో ఆగకుండా తొక్కుతూ పోవాలని గైడు చెప్పాడు. మూడూ విన్నాను, ఎదురుగా కోడిపెట్ట రాగానే మూడూ మరిచాను. మోచెయ్యి గీసుకుపోయింది, నడుం పట్టేసింది. దగ్గరి ఇంటి ‘ఓమ్’ నన్ను బోర్లా పడుకోబెట్టి, తైలం రాసి, నాణెంతో వీపు మీద ఎర్రటి చారలు పడేలా గీసింది. ఒంట్లో చేరిన గాలి పోవడానికట. నొప్పి తగ్గిందో లేదో చెప్పలేను గాని, బావ మాత్రం ఆ చారలు ఇరువైపులా సమానంగా ఉన్నాయని మెచ్చుకున్నారు.

సంబోర్ ప్రేయ్ కుక్ ఏడో శతాబ్దం తొలినాళ్లలో ఈశానవర్మ రాజధాని ఈశానపురం. ఆంగ్‌కోర్ వాట్ కన్నా అయిదు వందల ఏళ్ల ముందటిది. 2017లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అడవిలో విసిరేసినట్టు ఇటుక గుళ్లు, అందులో కొన్ని ఎనిమిది మూలలవి. గోడల మీద ఇటుకలోనే చెక్కిన ఎగిరే ప్రాసాదాలు: ఒక మేడ, అందులో మనుషులు, దాని కింద దాన్ని మోస్తూ పక్షులు. మాతో పాటు ఆ పూట మరో నలుగురు తప్ప ఎవరూ లేరు. శాసనం ఉన్న ఒక ద్వారబంధం దగ్గర బావ కూర్చుని అక్షరాలు వేలితో గాలిలో దిద్దారు. ఖ్మేర్ లిపీ మన తెలుగు లిపీ దక్షిణాది బ్రాహ్మి నుంచే దిగాయి. గుండ్రదనం, తలకట్టు చూస్తే ఎప్పుడో విడిపోయిన దాయాదుల ముఖపోలికలా ఉంటుంది, చదవబోతే ఒక్క ముక్కా రాదు. గుళ్ల మధ్య నేలలో గుండ్రటి గుంటలు కనిపించాయి. పాత కోనేళ్లా అని అడిగాను. కావు, 1970ల తొలినాళ్లలో అమెరికా విమానాలు వేసిన బాంబుల గుంటలని గైడు చెప్పాడు.

ఏడో రోజు: కంపోంగ్ చామ్

నడుం నొప్పితో సగం రోజు వ్యానులో గడిపాను. సాయంత్రం మెకాంగ్ మధ్యలోని కో పేన్ లంకకు వెదురు వంతెన మీదుగా వెళ్లాం. ప్రతి ఏటా వరద తగ్గాక కట్టి, మళ్లీ వరద రాకముందే విప్పేస్తారు. 2017లో పక్కనే సిమెంటు వంతెన వచ్చాక దీని అవసరం తీరింది గాని, మాలాంటివాళ్ల కోసం చిన్నది కడుతున్నారు. చక్రాల కింద వెదురు చీలికలు పటపటమంటూ ఊగుతుంటే బావ దిగి నడిపించుకొచ్చారు. హాలండ్ అక్కచెల్లెళ్లు రెండుసార్లు అటూ ఇటూ తొక్కారు. లంకలో పొగాకు, మొక్కజొన్న, అరటి. గోదావరి లంకల నుంచి వచ్చినవాళ్లకు కొత్తగా చూడవలసినదేమీ లేదు, కాసేపు కూర్చోవలసినది మాత్రం ఉంది.

ఎనిమిదో రోజు: నాంపెన్

ఉదయం సైకిళ్లు అప్పగించేశాం. ఇరవై ఏడు గేర్లలో తాను వాడినవి నాలుగేనని బావ మెకానిక్‌కు లెక్క చెప్పారు.

తుఅల్ స్లెంగ్ ఒకప్పుడు ఉన్నత పాఠశాల. మూడంతస్తుల భవనాలు, పొడవాటి వరండాలు, మధ్యలో ఆటస్థలం; గేటు దాటగానే బావ తనకు తెలియకుండానే హెడ్‌మాస్టర్ గది ఎటుంటుందా అని చూశారు. 1975 ఏప్రిల్ 17న ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు దళం రాజధాని నాంపెన్‌ను పట్టుకుని, 1979 జనవరి 7 దాకా పాలించింది. ఆ కాలంలో దాదాపు 17 లక్షల మంది చనిపోయారని అంచనా. ఈ బడిని వాళ్లు ఎస్-21 అనే జైలుగా మార్చి వేలాది మందిని చిత్రహింసలు పెట్టి చంపారు. బతికి బయటపడినవారు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది. తరగతి గదుల్ని ఇటుక గోడలతో మంచం పట్టనంత చిన్న గదులుగా విడగొట్టారు. ఒక గదిలో నల్లబల్ల ఇంకా గోడకు ఉంది. ఖైదీల ఫొటోలు వరుసలు వరుసలుగా ఉన్నాయి, ప్రతివారి ఛాతీ మీదా ఒక నంబరు.

జైలు అధిపతి డూచ్ ఫొటో కింద, అతడు అంతకుముందు లెక్కల ఉపాధ్యాయుడని ఉంది. బావ ఆ వాక్యాన్ని నాచేత రెండుసార్లు చదివించుకున్నారు. తర్వాత బయటికి వచ్చి, ఆటస్థలంలో చెట్టు కింది బెంచీ మీద కూర్చున్నారు.

గైడు లోపలికి రాలేదు. తాను ఎప్పుడూ గేటు దగ్గరే ఆగుతానని అన్నాడు. మా కోసం కొబ్బరిబొండాలు కొట్టించి తెచ్చి, బావ పక్కన కూర్చుని, తన తాత కూడా పల్లెలో లోక్ క్రూ అని చెప్పాడు. చదువుకున్నవాళ్లను, కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లను కూడా తీసుకుపోయిన రోజులవి. తాతను ఒక రాత్రి మీటింగు ఉందని పిలిచారు. అప్పుడు అతడి తల్లికి తొమ్మిదేళ్లు. అంతే చెప్పాడు. ఎనిమిది రోజుల్లో వందల ఏళ్ల రాజుల పేర్లన్నీ తడుముకోకుండా చెప్పిన మనిషి, తాత పేరు చెప్పలేదు, మేమూ అడగలేదు.

మధ్యాహ్నం జాతీయ మ్యూజియానికి వెళ్లాం. 1920లో తెరిచిన ఎర్రటి భవనం అది. బావ అడిగినది ఒక్క రాయి గురించే. ఏడో శతాబ్దపు ఆ శాసనం పేరు కె-127. మెకాంగ్ ఒడ్డున సంబోర్ అనే చోట దొరికింది. సంబోర్ ప్రేయ్ కుక్ వేరు, ఇది వేరు. ఫ్రెంచి పండితుడు జార్జ్ సెడెస్ దానిలోని సున్నాను 1931లో ప్రపంచానికి చూపాడు. యుద్ధకాలంలో ఆ రాయి ఏమైందో తెలియకుండా పోయి, 2013లో సియెం రీప్‌లోని పాత రాళ్ల గోదాములో మళ్లీ బయటపడింది.

ఎర్రటి పలక, పైభాగం విరిగిపోయింది. అందులో ఆరుకూ అయిదుకూ మధ్య ఒక చుక్క. శక సంవత్సరం 605, బహుళ పంచమి అని ఉందని అక్కడి వివరం. బావ పెదాలు కదిలాయి. సంకల్పంలో శాలివాహన శకం చెప్పుకునే మనిషి కనుక డెబ్బై ఎనిమిది కలిపి 683 అని వెంటనే తేల్చారు. గ్వాలియర్ గుడి గోడ మీది సున్నా 876 నాటిదని ఏటేటా పదో తరగతికి చెప్పినవారాయన. ఆ చుక్క ముందు చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. ‘మనదే’ అంటారని నేను ఎదురుచూశాను.

ఆయన గైడు వైపు తిరిగి, అంకెలన్నీ నేర్పావు గాని దీన్ని మీ భాషలో ఏమంటారో చెప్పలేదే అని అడిగారు.

“సూన్, లోక్ క్రూ” అన్నాడతను.

బావ దాన్ని రెండుసార్లు పలికి చూసుకుని, సూన్, మువాయ్, పీ, బెయ్ అని మొదటినుంచీ మళ్లీ లెక్కపెట్టడం మొదలుపెట్టారు.